ముప్ఫై నాలుగు పళ్ళు

షెఫీల్డ్‌లో కొండలు ఏడంటారు.
లెక్కపెట్టినవాళ్ళు సైకిలు తొక్కి ఉండరు.
మా వీధి ఒక్కటే రెండు కొండలు:
పనికి పోతుంటే జారిపోయేది ఒకటి,
పని దిగి వచ్చేసరికి ఎదురు నిలిచేది ఇంకొకటి.

పదకొండేళ్ళు ఆస్పత్రి ల్యాబులో
పిపెట్ మీద బొటనవేలు నొక్కి నొక్కి
ఊరి రక్తాన్ని బొట్టుబొట్టుగా కొలిచాను.
నాది పుర్రచెయ్యి.
చిన్నప్పుడు ఆ చేత్తో ముద్ద ఎత్తితే
మా మేనత్త అట్లకాడతో తట్టేది. లొంగలేదు.
ఇప్పుడు నలభై మూడో ఏట
మణికట్టు దగ్గర నరం వాచి
తలుపు గడియ కూడా తియ్యనంటోంది.
ఎవరికీ ఇచ్చిన దక్షిణ కాదిది.
ఊరికే అరిగింది.

సైకిలు ఎడమ పిడికి ఇవేం తెలుసు?
ముందు గేరు మారాలంటే అదే వేలు.
చిన్న చక్రం మీంచి పెద్ద దాని మీదికి చైను ఎక్కించడం
మొండి గేదెను లారీ ఎక్కించడమే.

"రెండెందుకు? ఒకటి తీసేద్దాం"
అన్నాడు పక్కింటి డెల్‌రాయ్,
గోడ మీద టీ కప్పు పెడుతూ.
నలభై ఏళ్ళు చాకులకు మెరుగు పెట్టిన మనిషి.
ఒక ఒరలో రెండు కత్తులని మాకో సామెత ఉందన్నాను.
కత్తుల సంగతి తనకు చెప్పొద్దన్నాడు.

శనివారం. షెడ్డు రేకు మీద వాన.
ముందు కేబుల్ కోశాం. విడిపోయిన తీగ ఒకటి గుచ్చుకుంది,
అదే వేలికి, ఇంకో వేలు దొరకనట్టు.
చైనును అటూ ఇటూ నెట్టే ఇనప దవడ
తొమ్మిదేళ్ళ నల్ల జిడ్డు నములుతూనే
ఊడి చేతిలోకొచ్చింది.
రెండు చక్రాల్నీ పాత తువ్వాలు మీద
పక్కపక్కన పడుకోబెట్టాడు.

ఇరవై గేర్లని కొన్నప్పుడు మురిసిపోయాను.
కాగితం మీద భాగహారాలు వేసి చూస్తే
సగం, ఒకే మాట రెండు గొంతులతో చెప్పినవే.

కొత్త దానికి ముప్ఫై నాలుగు పళ్ళు.
నా నోట్లోవాటికన్నా ఆరు ఎక్కువ.
ఒకటి లావు, ఒకటి సన్నం, ఒకటి లావు, ఒకటి సన్నం,
చైను సందుల కొలతకు కోసినవి.
పక్కకు జారకుండా వేరే కాపలా అక్కర్లేదట.
వెనకాల దోసె పెనమంత పళ్ళ బిళ్ళ.
చైనుకు నాలుగు లంకెలు కలిపాం.

బోల్టులు బిగించాం. చక్రం గలగల.
ఇంకా బిగించాం. ఇంకా గలగల.
"ఇవి రెండింటిని పట్టి ఉంచిన బోల్టులు" అన్నాడు డెల్‌రాయ్.
"ఒకటే మిగిలితే పొడుగైపోతాయి.
ఎంత తిప్పు, గాలినే బిగిస్తాయి."
అని, స్పానరు వైపే చూస్తూ ఉండిపోయాడు.
మార్చి దాకా ఆ గోడ మీద రెండు కప్పులుండేవి.

పొట్టివి సోమవారం కొంటాలే అన్నాను.
పొగాకు డబ్బాలో కెలికి, ఒకదాని తర్వాత ఒకటి
ఐదు వాషర్లు ఏరి నా అరచేతిలో పెట్టాడు.
"అప్పటిదాకా ఇవి."
గలగల ఆగింది.

ఆదివారం కొండ మొదట్లో
నా బొటనవేలు అలవాటుగా
పిడి కింద ఖాళీని నొక్కింది.
ఏమీ మారలేదు. నొప్పీ లేదు.
వెనక గేర్లన్నీ అయిపోయాక
తపాలా డబ్బా దగ్గర దిగి నడిపించాను.
అడగడానికి ఇంకోటి లేకపోతే
దిగడం ఎంత తేలికో!

పైన గోడ దగ్గర నిలబడి ఉన్నాడు.
"చప్పుడొచ్చిందా?"
"రాలేదు."
"ఊఁ" అని లోపలికి వెళ్ళిపోయాడు.

సోమవారం పొట్టి బోల్టులు కొన్నాను.
ఆ పొట్లం నెలన్నరగా
నా వానకోటు జేబులోనే ఉంది.